కంప్యూటర్ క్లస్టర్‌పై రిమోట్ డెస్క్‌టాప్: పంటల పరిశోధనలో సక్రమ వినియోగం

ఉపగ్రహ చిత్రాల ఆధారంగా పంటల విస్తీర్ణాన్ని అంచనా వేసే పరిశోధనలు నేడు స్నాతకోత్తర స్థాయిలోనూ సాగుతున్నాయి. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కొక్క ఖండం దాదాపు 110 కి.మీ. పొడవు, అంతే వెడల్పు కలిగి ఉంటుంది. 10 మీటర్ల స్పష్టత గల ఒక్కొక్క బ్యాండులో సుమారు 12 కోట్ల పిక్సెళ్లు ఉంటాయి. పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున, 120 రోజుల పంటకాలంలో 5 రోజులకొకటిగా 24 చిత్రాల నుండి ఎరుపు, సమీప పరారుణ బ్యాండ్లను మాత్రమే తీసుకున్నా, కుదించని దత్తాంశం 11 గిగాబైట్లు దాటుతుంది. అందువల్ల ఇటువంటి పనికి క్లస్టర్ అవసరమవుతుంది.

రిమోట్ డెస్క్‌టాప్ ఎందుకు?

క్లస్టర్‌పై గణనలు సాధారణంగా ఆదేశాల ద్వారానే జరుగుతాయి. అయితే క్యూజిఐఎస్‌లో వరి, పత్తి మడుల హద్దులు గీయడం, క్షేత్రంలో నమోదు చేసిన బిందువులను చిత్రంతో సరిచూడడం కంటితో చేయవలసిన పనులు. ఎక్స్11 ఫార్వర్డింగ్ పద్ధతిలో ప్రతి చర్యకూ పలు సందేశాలు అటూ ఇటూ నడవాలి. కనుక నెమ్మదైన నెట్‌వర్క్‌పై పని కుంటుపడుతుంది. విఎన్‌సి పద్ధతిలో డెస్క్‌టాప్ క్లస్టర్‌పైనే ఉండి, తెరపై మారిన భాగాలు మాత్రమే మనకు చేరతాయి. మధ్యలో ఇంటర్నెట్ తెగినా పని నిలిచే ఉంటుంది.

వినియోగ క్రమం

1. లాగిన్ నోడ్ అందరిదీ. అక్కడ భారీ పనులు చేయరాదు. స్లర్మ్ ద్వారా కోర్లు, మెమరీ, కాలవ్యవధి కోరి కంప్యూట్ నోడ్ పొందాలి.

2. ఆ నోడ్‌పై విఎన్‌సి సర్వర్‌ను ప్రారంభించాలి. 1వ డిస్‌ప్లేకు 5901, 2వ దానికి 5902 పోర్టు సంఖ్యలు వర్తిస్తాయి.

3. మన కంప్యూటరు నుండి ఆ పోర్టుకు ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ఏర్పరచాలి. సాధారణ విఎన్‌సిలో సమాచారం గూఢీకరణ లేకుండా ప్రయాణిస్తుంది. సంకేతపదంలోనూ మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి. కనుక ఈ దశను విడువరాదు.

4. వ్యూయర్‌ను మన కంప్యూటరులోని టన్నెల్ చివరకు అనుసంధానించాలి.

ఓపెన్ ఆన్‌డిమాండ్ ఉన్న క్లస్టర్లలో ఈ దశలన్నీ బ్రౌజర్‌లోనే పూర్తవుతాయి.

ఒక అనుభవం

కిటికీ మూసినా డెస్క్‌టాప్ నడుస్తూనే ఉంటుందని మా విద్యార్థులకు బోధించాను. కాలవ్యవధి ముగిస్తే అంతా రద్దవుతుందని నొక్కి చెప్పలేదు. ఒక విద్యార్థిని మూడు రోజులు శ్రమించి గీసిన మడుల హద్దులు క్యూజిఐఎస్ తాత్కాలిక పొరలోనే ఉండగా, రాత్రి గడువు ముగిసింది. ఆ పొర మెమరీలో మాత్రమే ఉంటుంది కనుక తిరిగి రాలేదు. క్షేత్ర పుస్తకంలో అక్షాంశ రేఖాంశాలు ఉన్నందున ఆమె ఆ పనిని మళ్లీ చేయగలిగింది. లోపం ఆమెది కాదు, నా పాఠానిది.

గమనింపదగిన అంశాలు

హద్దులను మొదటి నుండే జియోప్యాకేజీ ఫైలులో భద్రపరచాలి. కోరిన కాలవ్యవధిని, మిగిలిన సమయాన్ని రాసుకోవాలి. సూచికల గణన, వర్గీకరణ వంటి దీర్ఘ గణనలను డెస్క్‌టాప్‌లో కాక బ్యాచ్ జాబ్‌గా పంపాలి. పని పూర్తయిన తరువాత కిటికీ మూయడంతో సరిపెట్టక, జాబ్‌ను రద్దు చేయాలి; లేనిచో మనకు కేటాయించిన కోర్లు పనిలేక ఉండగా ఇతరులు వరుసలో వేచి ఉంటారు.

కంటితో చూడవలసిన పనికి డెస్క్‌టాప్, గణనకు బ్యాచ్ జాబ్ అన్న విభజనను పాటిస్తే విద్యార్థి శ్రమ, ఉమ్మడి వనరు రెండూ వృథా కావు.