కొబ్బరితోటలో ఒకరోజు శిబిరం: బాలలకు స్వయంజాత మొక్కల పరిచయం

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ గల కోనసీమలో తీరప్రాంతపు మడలు మినహా చెప్పుకోదగిన అడవి లేదు. అయినప్పటికీ కొబ్బరితోటల నీడన, వరిగట్లపైన, కాలువ ఒడ్డున ఎవరూ నాటని మొక్కలు అనేకం పెరుగుతున్నాయి. వ్యవసాయ శాస్త్రంలో మనం వీటిని ‘కలుపు’ అనే ఒక్క మాటతో ముగిస్తాము. మడిలో కలుపుగా ఉన్న గుంటగలగరే గట్టు మీద తలనూనెకు పనికివచ్చే మూలిక. ఈ వివేచనను బాల్యంలోనే అలవరచడం విస్తరణ విద్యలో భాగం కావలసి ఉంది.

ఆవశ్యకత

వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషపూరితాలే. పిల్లలు వీటిని ఏటా చేతులతో కోస్తారు. గుణం మాత్రం ఎరుగరు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో అనేకమంది బాలలను బలిగొన్న జబ్బును చాలాకాలం మెదడువాపుగా భావించారు. కసివింద గింజలు తినడమే దానికి కారణమని 2007లో ప్రచురితమైన పరిశోధనలు వెల్లడించాయి. కసివింద మన బాటల పక్కన కూడా మొలుస్తుంది.

నిర్వహణ

వర్షాలకు మొక్కలు ఏపుగా ఉండే భాద్రపద మాసం అనుకూలం. అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసరాలలో తోట, గట్టు, కాలువ దగ్గరదగ్గరగా ఉన్న గ్రామాన్ని ఎంచుకోవాలి. ముందురోజే ఉపాధ్యాయుడు ఆ దారిన నడిచి చూడాలి. కలుపు మందు చల్లిన చేలను విడిచిపెట్టాలి. లోతైన కాలువ ఒడ్డుకు పిల్లలను ఒంటరిగా పంపరాదు. కాళ్లకు బూట్లు తప్పనిసరి.

అయిదుగురికి ఒక జట్టు చొప్పున ఏర్పరచి, ప్రతి జట్టుకూ నాలుగు మీటర్ల తాడు, నాలుగు పుల్లలు ఇవ్వాలి. వాటితో ఒక చదరపు మీటరు గడి ఏర్పడుతుంది. మన కలుపు లెక్కింపు పద్ధతి ఇదే. గడిలో ఎన్ని రకాల మొక్కలు ఉన్నాయో పిల్లలే లెక్కించి, ఆకు అమరిక, కాడ, పువ్వు, కాయ బొమ్మలు గీయాలి. పేరు చివరన చెప్పాలి. ముందే చెబితే చూడడం ఆగిపోతుంది. ఊరి పేరు మొదట, శాస్త్రీయ నామం తరువాత. గ్రామంలోని వృద్ధ మహిళా కూలీని ఆహ్వానిస్తే ఊరి పేర్లు ఆమె నోటనే వినవచ్చు.

ఒక జంట పాఠం

తగిరిస లేత ఆకును కూర వండుతారు. దాని బంధువైన కసివింద పసుపు పూలతో ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. తగిరిసకు సాధారణంగా మూడు జతల చిట్టి ఆకులు, వాటికి గుండ్రని కొనలు, సన్నని పొడవాటి కాయలు ఉంటాయి. కసివిందకు నాలుగైదు జతలు, మొనదేలిన కొనలు, బల్లపరుపు కాయలు ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన ఉంచి, తేడాను పిల్లలచేతనే చెప్పించాలి.

జాగ్రత్తలు

శిబిరంలో ఏ మొక్కనూ నోట పెట్టరాదు. వయ్యారిభామను తాకరాదు, చర్మానికి దురద, అలర్జీ కలుగుతాయి. మడల వద్ద తిల్ల చెట్టు పాలు కంట పడితే తాత్కాలికంగా చూపు పోవచ్చు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించాలి. పిల్లవాడు ఏదైనా మింగితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక, ఆ మొక్క కొమ్మతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మూల్యాంకనం

ఎన్ని పేర్లు వచ్చునో అడగడం కంటె, ఒకేలా కనిపించే రెండు మొక్కలను ఏ లక్షణంతో వేరు చేశావని అడగడం మేలు. పాఠశాలల్లోని జాతీయ హరిత దళాల ద్వారా విస్తరణ శాస్త్రవేత్తలు, వ్యవసాయ విద్యార్థులు ఈ శిబిరాలను సులభంగా చేపట్టవచ్చు. మొక్కను నిర్మూలించే మోతాదు చెప్పేముందు దాని పేరు చెప్పడం మన వృత్తి ధర్మం.