అన్నం దగ్గర వచ్చే వాదనలు

జర్మనీలో పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగు ఇళ్ళలో ఈమధ్య ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. పదిహేనేళ్ళ అబ్బాయి "ఈ ఫెమినిస్టులకి మగవాళ్ళంటేనే పడదు" అంటాడు. "నీలాంటివాళ్ళు ఉన్నంతకాలం వాళ్ళు ఉండాల్సిందే" అని చెల్లెలు అందుకుంటుంది. "అన్నం దగ్గర ఏంటీ గొడవ, నోరు మూసుకుని తినండి" అని అమ్మ కసురుతుంది. నాన్న పెరుగు కలుపుకుంటూ తనకేమీ పట్టనట్టు ఊరుకుంటాడు. గొడవ ఆగుతుంది కానీ తీరదు. అబ్బాయి దాన్ని తన గదిలోకి తీసుకుపోతాడు. అక్కడ ఫోన్ ఉంది. కండలు పెంచడం ఎలాగో చెప్పే వీడియోతో మొదలుపెట్టి, కాసేపటికి ఆడవాళ్ళని అదుపులో పెట్టడం ఎలాగో చెప్పేవాడి దగ్గర తేలతాడు.

అందుకే ఆ వాదనని ఆపకండి. అబ్బాయి అన్న మాట తప్పే కావచ్చు, కానీ దాని వెనక ఏదో ఒక దెబ్బ ఉంటుంది. ముందు అది వినండి. మనం వినకపోతే వినడానికి ఫోన్లో మనుషులు సిద్ధంగా ఉన్నారు.

మన అబ్బాయిలకి ఇక్కడ తగిలే దెబ్బ ఊహ కాదు. 2015 మార్చిలో జరిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక భారతీయ విద్యార్థి ఇంటర్న్‌షిప్ కోసం లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఒక మహిళా ప్రొఫెసర్‌కి రాశాడు. భారతదేశంలో అత్యాచారాల గురించి చాలా వింటున్నామనీ, తన ల్యాబులో అమ్మాయిలు ఉన్నారనీ, అందువల్ల భారతీయ మగ విద్యార్థులను తీసుకోవడం లేదనీ ఆమె బదులిచ్చారు. ఆ కుర్రాడు ఏం చేశాడు? ఏమీ చేయలేదు. అతని దేశం, అతని మగతనం, ఈ రెండే అతని నేరాలు. అప్పుడు ఢిల్లీలో జర్మన్ రాయబారిగా ఉన్న మిఖాయెల్ స్టైనర్ ఆ ప్రొఫెసర్‌కి బహిరంగ లేఖ రాశారు. అత్యాచారం భారత్‌లోనే కాదు, జర్మనీతో సహా చాలా దేశాల్లో ఉన్న సమస్యేనని గుర్తుచేశారు. నిర్భయ ఘటన తర్వాత భారతీయులు ఎంత నిజాయితీగా చర్చించుకున్నారో చూడమన్నారు. ప్రొఫెసర్ క్షమాపణ చెప్పారు.

మీ అబ్బాయికి ఈ కథ మొత్తం చెప్పండి. అది అన్యాయమేనని మొహమాటం లేకుండా ఒప్పుకోండి. "ఇలాంటివి పట్టించుకోకు, చదువు చూసుకో" అని దాటేయకండి. ఆ వెంటనే ఇంకో మాట కూడా అడగండి. ఒక ప్రొఫెసర్ అలా రాసిందని "ఆడవాళ్ళంతా ఇంతే" అనేస్తే, ఆమె చేసిన పనే మనమూ చేసినట్టు కాదా? పదిహేనేళ్ళవాడికి ఇది అర్థమవుతుంది. మనం అడగం, అంతే.

అదే ఏడాది చివర్న కొలోన్‌లో ఇంతకంటే ఘోరం జరిగింది. డిసెంబర్ 31 రాత్రి పెద్ద చర్చి, రైల్వే స్టేషన్ మధ్య కొత్త సంవత్సరం జనంలో మగవాళ్ళ గుంపులు ఆడవాళ్ళని చుట్టుముట్టి తాకరాని చోట తాకారు, పర్సులు, ఫోన్లు లాక్కున్నారు. వందల మంది ఫిర్యాదు చేశారు. అనుమానితుల్లో ఎక్కువమంది ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. ఆ తర్వాత ఒంటి రంగు చూసి మగవాళ్ళని అనుమానించడం పెరిగింది. ఆ సమయంలో, 2016 జనవరిలో, ఆనె విజోరెక్, క్యూబ్రా గ్యుముషాయ్ వంటి స్త్రీవాదులు కలిసి "ఆవుస్‌నామ్స్‌లోస్" పేరుతో ఒక ప్రకటన విడుదల చేశారు. ఆడవాళ్ళపై హింసని తక్కువ చేసి మాట్లాడొద్దు, దాన్ని సాకుగా పెట్టుకుని ఒక జాతి మగవాళ్ళందరినీ దోషులు చేయొద్దు అన్నది దాని సారం. నల్లటి, చామనఛాయ మగపిల్లల పక్షాన అప్పుడు నోరు విప్పినవాళ్ళలో ఫెమినిస్టులు ఉన్నారు. మీ అబ్బాయికి ఈ సంగతి ఫోన్లో ఎవరూ చెప్పరు.

అలాగని ఫెమినిస్టులంతా ఒకే మాట మీద ఉన్నారని చెప్పకండి. 1977లో కొలోన్ నుంచే "ఎమ్మా" పత్రిక మొదలుపెట్టిన ఆలిస్ ష్వార్ట్‌సర్ ఆ రాత్రిని మరోలా చూశారు, వలసవచ్చిన మగవాళ్ళ పితృస్వామ్యం గురించి గట్టిగా రాశారు. మీ అమ్మాయిని రెండు వైపుల వాదనలూ చదవనీయండి. చదివి ఎటో ఒకవైపు తేల్చుకోనీయండి.

కొలోన్ ఘటన తర్వాత, 2016 జూలైలో, జర్మన్ పార్లమెంటు అత్యాచార చట్టాన్ని మార్చింది. అంతకుముందు బలప్రయోగమో, బెదిరింపో రుజువు కావాల్సి వచ్చేది. ఇప్పుడు వద్దని తెలిసేలా చెప్పినా, చూపించినా చాలు, ఆ తర్వాత చేసేది నేరం. ఈ ఒక్కటీ మాత్రం సిగ్గుపడకుండా కొడుకునీ కూతురినీ కలిపి కూర్చోబెట్టి చెప్పండి. అమ్మాయికి "జాగ్రత్తమ్మా" అని నూరుసార్లు చెప్తాం. అబ్బాయికి ఒక్కసారి కూడా చెప్పం.

పిల్లల దగ్గర మనవాళ్ళు చేసే ఇంకో పొరపాటు ఉంది. ఆడా మగా సమానమనడం ఈ దేశపు పోకడ, మన సంస్కృతి కాదు అంటారు. పిల్లలేమో ఇక్కడివాళ్ళు పుట్టుకతోనే ఇలా ఉన్నారనీ, మనమే వెనకబడ్డామనీ అనుకుంటారు. రెండూ నిజం కాదు. స్త్రీ పురుషులు సమానమన్న వాక్యం జర్మన్ రాజ్యాంగంలోకి ఊరికే రాలేదు. రాజ్యాంగం రాసిన సభలో ఆడవాళ్ళు నలుగురే. వాళ్ళలో ఎలిజబెత్ సెల్బర్ట్ అనే న్యాయవాది ఊరూరా తిరిగి ఆడవాళ్ళచేత ఉత్తరాలు రాయించి, 1949లో పట్టుబట్టి చేర్పించారు. అయినా 1977 దాకా ఇంటి బాధ్యతలకి అడ్డు రాకపోతేనే భార్య ఉద్యోగం చేయవచ్చన్న సెక్షన్ ఇక్కడి సివిల్ కోడ్‌లో ఉంది. పెళ్ళిలో బలాత్కారం నేరమైంది 1997లో. ఇక మనవైపు, 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్ళు రామంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే వండిపెట్టారు. ఆడవాళ్ళ కోసం వెలిపడటానికి సిద్ధపడ్డ మగవాడు మన గోదావరి ఒడ్డునే ఉన్నాడని అబ్బాయికి తెలియాలి.

మగవాళ్ళకి జరిగే అన్యాయం గురించి మాట్లాడితే అమ్మాయి విసుక్కుంటుంది. తనకీ కొన్ని చెప్పండి. పెళ్ళికాని తండ్రికి తల్లి ఒప్పుకోకపోతే బిడ్డ మీద ఉమ్మడి హక్కు జర్మనీలో చాలాకాలం లేదు. 2009లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు అది వివక్షేనంది, 2013లో చట్టం మారింది. 2026 జనవరి నుంచి 2008లోనూ ఆ తర్వాతా పుట్టిన జర్మన్ పౌరులకి పద్దెనిమిదేళ్ళు నిండగానే సైన్యం నుంచి ప్రశ్నల పత్రం వస్తోంది. అబ్బాయిలు నింపి తీరాలి, అమ్మాయిలకి ఇష్టమైతేనే. పౌరసత్వం తీసుకున్న మన ఇళ్ళలోనూ ఆ కవరు వస్తుంది. "ఇది న్యాయమా?" అని అన్న అడిగితే చెల్లెలు ఆలోచించి జవాబు చెప్పాల్సిన ప్రశ్నే అది. చెప్పమనండి.

ఇన్ని చెప్పినా, పిల్లలు మన మాట కంటే మన ఇంటిని ఎక్కువ వింటారు. ఒక ఉగాది కలయికలో చూశాను. అద్దె హాలు, అల్యూమినియం ట్రేలలో పులిహోర, బొబ్బట్లు. తినడం అయ్యాక అమ్మలతోపాటు తొమ్మిదేళ్ళ పాప కూడా ట్రేలు ఎత్తుతోంది. ఆమె అన్న, ఆరడుగుల కుర్రాడు, కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. ఎవరో పెద్దాయన పాపని చూసి "బంగారుతల్లి, ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకున్నారు. కుర్రాడిని ఎవరూ ఏమీ అనలేదు. అతనికి ఆ రోజు అందిన పాఠం ఏ బడీ చెరపలేదు.

వాట్సాప్ గ్రూపుల్లో భార్యల మీద జోకులు పంపుకుంటాం. వంటింట్లో "మగాళ్ళంతా ఇంతేలే" అని నిట్టూరుస్తాం. మొదటిది కూతురు చదువుతోంది, రెండోది కొడుకు వింటున్నాడు. ఇక "మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా" అన్న మాటని దయచేసి ఇంట్లోంచి పంపేయండి. జర్మనీలో ఆత్మహత్య చేసుకునేవాళ్ళలో నాలుగింట మూడు వంతులమంది మగవాళ్ళే. నొప్పి చెప్పుకోవడం మగతనానికి తక్కువ అని నేర్చుకున్నవాడు సాయం అడగలేడు. పిల్లలు ఎవరికీ చెప్పుకోలేనప్పుడు ఫోన్ చేయడానికి 116 111 ఉంది, ఉచితం. హింసకి గురైన ఆడవాళ్ళకి 116 016. మగవాళ్ళ కోసం కూడా బవేరియా, నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రాలు కలిసి 2020లో ఒక హెల్ప్‌లైన్ మొదలుపెట్టాయి. ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి.

చివరగా నాన్నలకి ఒక మాట. ఈ విషయాలన్నీ అమ్మ ఒక్కతే చెప్తే, అబ్బాయి వాటిని ఆడవాళ్ళ పక్షం అనుకుంటాడు. మీరు నోరు తెరవాలి. 2007 నుంచి ఇక్కడ బిడ్డ పుడితే తండ్రి కూడా సెలవు తీసుకుంటే భృతి రెండు నెలలు ఎక్కువ ఇస్తున్నారు. మనవాళ్ళు చాలామంది ఆ రెండు నెలలూ ఇండియా ప్రయాణానికి వాడేసుకుంటారు, అక్కడ పసిబిడ్డని అమ్మమ్మ ఎత్తుకుంటుంది. ఈసారి ఇంట్లోనే ఉండి, బిడ్డకి మీరే స్నానం చేయించండి, పెద్దపిల్లలు చూస్తారు. ఏప్రిల్‌లో బడులు గర్ల్స్ డే, బోయ్స్ డే పేరిట పిల్లల్ని ఒకరోజు పనిచోట్లకి పంపుతాయి. అమ్మాయిలు వర్క్‌షాపులకి, అబ్బాయిలు పసిపిల్లల బడులకీ వృద్ధాశ్రమాలకీ వెళ్ళవచ్చు. మీ అబ్బాయి కిండర్‌గార్టెన్ ఎంచుకుంటే "అదేం పనిరా" అనకండి. ఫారం మీద సంతకం పెట్టి పంపండి, సాయంత్రం ఏం చేశాడో అన్నం దగ్గర అడగండి.