నయాపైసలకు ముందటి కోనసీమ

అమలాపురము

చిరంజీవిని మనుమరాలిని తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

నీ ఉత్తరము అందినది. 1950 ప్రాంతపు కోనసీమ జీవితమును గూర్చి ఒక చిన్న పుస్తకము కూర్పదలచితినని, అందులకై ‘ఆ మంచిరోజులను’ గూర్చి నాకు జ్ఞాపకమున్నదంతయు వ్రాసి పంపవలసినదని కోరితివి. బ్రతుకంతయు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పిన తెలుగు పండితుడను గనుక నా వాక్యములు నీకు మిక్కిలి పొడవుగను, ఒకింత చాదస్తముగను తోచవచ్చును. ఓపికపట్టి చదువుకొనుము, అక్కరలేనిచోట నిస్సంకోచముగా కత్తిరించుకొనుము. అయితే నా జ్ఞాపకములను పంపుటకు పూర్వము నీకొక మాట చెప్పవలసియున్నది. మంచిరోజులు అను పేరు ముందుగా పెట్టుకొని బయలుదేరితివా, దారిలో నీకు మంచివి మాత్రమే ఎదురగును. కుంచెడు బియ్యము వెల యెంత, ఆనాటి కూలి యెంత, ఆ బియ్యమును దంచినదెవరు, మమ్ములను ఊరినుండి ఊరికి చేర్చిన పడవను లాగినదెవరు అని మొదట అడుగుము. ఆ కాలము మంచిదా చెడ్డదా యను తీర్పు ఆపైన ఎప్పుడైనను చెప్పవచ్చును.

ముసలివారిని ‘అది ఏ సంవత్సరము?’ అని అడుగకుము. ఎవరికిని సంవత్సరములు జ్ఞాపకముండవు. ఉన్నవన్నవారిని మరింత నమ్మరాదు. 1953 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరదకు ముందా వెనుకనా అని అడుగుము. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడిననాడు మీ బడిలో పిల్లలకు మిఠాయి పంచిరా అని అడుగుము. కాడియెద్దుల గుర్తుకును కంకి కొడవలి గుర్తుకును ఊరూర పోరు సాగిన 1955 ఎన్నికలనాటికి మీకు పెండ్లియైనదా అని అడుగుము. అన్నిటికంటె నమ్మదగిన గురుతు నాణెములది. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చువరకు రూపాయికి పదునారణాలు, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. నూరు నయాపైసలను పదునారణాలకు పంచినచో అణాకు ఆరుంబావు పడును. ఆ పావు కొట్టువానిదా కొనువానిదా యను తగవు చిల్లరకొట్లయొద్ద చాలకాలము నడచినది, పోస్టాఫీసు గుమాస్తా మొదలు కిళ్లీకొట్టువాని వరకు ప్రతివాడును లెక్కల పంతులైనాడు. పావలాకు ఇరువదియైదు సరిగా వచ్చుటచే అది నిలిచినది. బేడకు పన్నెండున్నర వచ్చుటచే అది మెల్లగా మరుగుపడినది. ఎవరైనను తమ కథలో బేడ యిచ్చితిమన్నచో ఆ కథ 1957కు ఇవతలిది కాదని తొంబదిపాళ్లు నమ్మవచ్చును.

కొలతలను గూర్చి నేను కొంచెము విస్తరించుట నీకు విసుగు కలిగించునేమో. అయినను ఆనాటి సంసారము సమస్తమును వానిలోనే యిమిడియుండెను. నాలుగు గిద్దలొక సోల, రెండు సోలలొక తవ్వ, రెండు తవ్వలొక మానిక, రెండు మానికలొక అడ్డ, రెండడ్డలొక కుంచము. 1956లో మెట్రిక్ తూనికల చట్టము వచ్చినను, కిలోలును లీటర్లును ఇండ్లలోనికి ప్రవేశించుటకు మరికొన్ని సంవత్సరములు పట్టినది. కుంచము ఇత్తడిదైనను ఇనుపదైనను ఒక్కటే గాని, దానిని నింపు చేతులు రెండువిధములు: ధాన్యము పుచ్చుకొనునప్పుడు పైన గుట్ట నిలుచునట్లును, కూలికి కొలుచునప్పుడు అంచుకు సరిగా తలగొట్టియు కొలిచెడి పెద్దమనుష్యులను నేను మా ఊరనే యెరుగుదును. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి వీరందరును ఏడాది పొడుగునను మా యిండ్లలో పనిచేసి, కోతలైన పిదప కళ్లములో తమ మేర కొలిపించుకొనుటకు నిలుచుండెడివారు. ఊరంతయు ఒక్క కుటుంబమువలె నుండెనని వ్రాయుటకు నీ కలము ఉబలాటపడును. ఆ కుటుంబములో ఎవరు అరుగుమీద కూర్చుండిరో, ఎవరు కళ్లము అంచున నిలుచుండిరో కూడ దానిప్రక్కనే వ్రాయుము. పాలేరు సంగతి చెప్పనక్కరలేదు. ఏడాది జీతము ఇన్ని బస్తాల ధాన్యమని మాటాడుకొని, పెండ్లికో రోగమునకో ముందుగా అప్పు తీసికొని, ఆ అప్పు తీరక మరుసటి ఏడును అదే యింట కుదిరెడివాడు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారి ‘పాలేరు’ నాటకమును తెచ్చుకొని చదువుము. నేను వ్రాయు నూరు పుటలకంటె అది నీకెక్కువ ఉపకరించును.

ఇక పడవలు. గౌతమీ వసిష్ఠ పాయలకును సముద్రమునకును నడుమ చిక్కిన భూమి మనది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప కాటన్ దొర కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక మాకు రహదారులు కూడ నైనవి. కాకినాడనుండి కోటిపల్లి వరకు ఉన్న రైలుపట్టాలను రెండవ ప్రపంచయుద్ధకాలమున పెరికి తీసికొనిపోయిరి. 2004లో గాని ఆ దారిని మరల రైలు నడువలేదు. కావున నా చిన్నతనమున అమలాపురమునుండి కాకినాడ పోవలెనన్న ముక్తేశ్వరము రేవున గౌతమి దాటి, కోటిపల్లి చేరి, అచ్చటినుండి బస్సో బండియో పట్టుకొనవలెను. ఊరినుండి ఊరికి కాలువమీద రాత్రి పడవ. ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయల రాసులు, బెల్లపు దిమ్మెలు, వానినడుమ చాపలు పరచుకొని మేము. లాకు వచ్చినపుడు తలుపులు మూసి నీరు నింపుచుండగా పడవ మెల్లగా పైకి లేచెడిది; ఆ కదలికకు మెలకువ వచ్చి, సరంగు లాకువానితో ఆడుకొను పరాచికములను విని, మరల నిద్రించెడివారము. ఇంతవరకు నీ పుస్తకమునకు మిక్కిలి అనుకూలమైన సంగతియే. గాలి కుదిరినపుడు తెరచాప యెత్తెడివారు. గాలి లేనపుడు ఇద్దరో ముగ్గురో మనుష్యులు కాలువగట్టుపై దిగి, కొయ్యకు కట్టిన త్రాటిని భుజమున వేసికొని, ముందునకు వంగి లాగుకొనిపోయెడివారు. వర్షమునకు గట్టు బురదయైనను, తుమ్మముండ్లున్నను, పాములున్నను ఆ నడక ఆగదు. మేము లేచి చూచునప్పటికి తెల్లవారియుండెడిది, వారు రాత్రియంతయు నడచియుండెడివారు. వారి భుజములు త్రాటి ఒరిపిడికి కాయకట్టియుండెడివి. 1964లో వచ్చిన ‘మూగమనసులు’ చిత్రము చూచిన పిమ్మట లోకమునకు గోదావరి పడవ యనగా పాటయే జ్ఞాపకము వచ్చుచున్నది. ఆ చిత్రము నాకును ప్రీతికరమే, పలుమారులు చూచితిని. అయినను నీవు పడవను గూర్చి వ్రాయునప్పుడు కాసేపు ఆ పాటలను మరచి గట్టుపైకి చూడుము.

ఆ కాలువ నీరే మాకు త్రాగునీరు. వరదనాళ్లలో ఎర్రగా వచ్చిన నీటిని బిందెలలో పట్టి, ఇండుపగింజను అరగదీసి కలిపినచో తెల్లవారుసరికి మడ్డి అడుగునకు దిగి నీరు తేరుకొనెడిది. దీనిని విని పూర్వుల తెలివిని పొగడబోవుదువు, పొగడదగినదే. కాని నీరు నిలిచినచోటనెల్ల దోమ నిలిచినది; డెల్టా గ్రామములలో బోదకాలుతో కుంటుచు నడచు మనుష్యుడు కనబడని వీధి లేకుండెను. 1953 తరువాత మలేరియా నివారణకై డి.డి.టి. చల్లు మనుష్యులు ఇంటింటికి వచ్చి గోడలనిండ తెల్లని మరకలు చేసిపోయినపుడు మీ ముత్తవ మడి చెడినదని తిట్టినది. వారు పోయిన నెలనాళ్లకు దోమతెర లేక నిద్రపట్టినదని ఆమెయే ఒప్పుకొన్నది.

తినుబండారముల జోలికి పోయినచో పుస్తకము వానితోనే నిండిపోవును గనుక ఒక్కటి చెప్పి విడిచెదను. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని పత్రికలలో చదివి సంతసించితిని. బోర్లించిన కుండక్రింద కొబ్బరాకు మంట పెట్టి, పలుచని బియ్యపు పిండిలో తడిపిన గుడ్డను దానిపై పరచి తీయుచు, ఆ సెగకు ఎదురుగా పూటపూటంతయు కూర్చుండు స్త్రీల ముఖములు నీ వంటల ప్రకరణములో కనబడవలెను. పులస చేపను గూర్చి నన్నడుగకుము. మా యింట వండరు, విన్నదానిని రుచిచూచినట్లు వ్రాయలేను.

దంపుళ్ల పాటలు సేకరింతునంటివి. సేకరింపుము, పాడగలవారు ఇంకను కొందరున్నారు. పాట పాడించుకొని లేచి వచ్చెదవేమో, కూర్చుండి రెండవ ప్రశ్నయు అడుగుము: కుంచెడు ధాన్యము దంచినందులకు చేతికి వచ్చినదేమి? నూకలెన్ని, తవుడెవరిది? ధాన్యపు మిల్లులు పట్టణములలో అంతకు పూర్వమే యుండెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలై డెల్టాలో తీగలు ప్రాకినకొలది పల్లెలలోను వెలసినవి. రోకలిపోటు తప్పినదని సంతోషించినవారును, నూకలు పోయినవని దుఃఖించినవారును వేరువేరని తలంపకుము. పలుయిండ్ల ఆ యిద్దరును ఒక్క మనిషియే.

మా మేనత్తను గూర్చి యెవరును నీకు చెప్పియుండరు. పసితనముననే పెండ్లియై, పసితనముననే భర్తను పోగొట్టుకొని, తల గొరిగించుకొని, ఒంటిపూట భోజనముతో మా పెరటి వసారాలో జీవితము వెళ్లబుచ్చినది. నాకు అక్షరములు దిద్దించినదియు ఆమెయే. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. మా యూరికిని ఆ యూరికిని నడుమ ఒక్క గోదావరియే అడ్డు, అయినను డెబ్బదియేండ్లకు పైబడియు ఆ వార్త మా వసారా వరకు రాలేదు. ఆమె ఫొటో ఒక్కటియును లేదు. ఫొటోలున్నవారి కథలే పుస్తకములకెక్కును గనుక ఈ సంగతి ప్రత్యేకించి వ్రాయుచున్నాను.

మెచ్చుకొనదగినది నిస్సందేహముగా మెచ్చుకొనుము. పేద విద్యార్థి వారములు చేసికొని, రోజుకొక యింట భోజనము చేయుచు హైస్కూలు చదువు ముగించుట గొప్పయే. ఆ భోజనము ఒక కులపు పిల్లలకే దొరకినదనియు, పేటలోని పిల్లవానికి అదే ఊర కాఫీహోటలులో గ్లాసు కూడ వేరుగ నుండెననియు, అస్పృశ్యతను నేరముగా చేసిన 1955 చట్టము వచ్చిన తరువాతను ఆ గ్లాసు చాలకాలము కొక్కెమునకు వ్రేలాడుచునే యుండెననియు కలిపి వ్రాసిననే అది పూర్తియగును. పంచాయతీ రేడియో క్రింద సాయంకాలము అందరును కూడి వార్తలు వినెడివారు. అందరును అన్నమాట నిజమే, ఎవరెంత దూరమున కూర్చుండిరనునదియు నిజమే. కనుమనాటి జగ్గన్నతోట తీర్థమును చూచినపుడు మాత్రము నాకు నేటికిని ఒడలు పులకరించును: గుడి లేని కొబ్బరితోటకు పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై వచ్చుట, గంగలకుర్రు అగ్రహారపు ప్రభను నీటిలో దిగి కౌశిక యేరు దాటించుట, 2023 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్రపు శకటమై నీవు టెలివిజనులో చూచినది ఆ వైభవమే. ప్రభలు మోసినవారి పేర్లు చెప్పువారు చాలమంది దొరకుదురు; వానిముందు డప్పు వాయించినవారి యిండ్లకు కూడ వెళ్లిరమ్ము.

నేను చెప్పగలిగినది మా వీధి అరుగుమీదనుండి కనబడిన కోనసీమ మాత్రమే. కావున నన్నొక్కనిని నమ్ముకొని పుస్తకము వ్రాయకుము. ముక్తేశ్వరములో ఒకప్పుడు పడవ లాగిన వృద్ధుడొకడున్నాడు. చెవులు మందగించినవి, జ్ఞాపకశక్తి మాత్రము చెక్కుచెదరలేదు. ప్రక్కయూరిలో మిల్లు రాకమునుపు ఇండ్లకు పోయి దంచిన ముసలమ్మ యున్నది. కోడలు పగటివేళ పనికి పోవును గనుక, తీరికగా మాటాడుటకు మధ్యాహ్నము పోవలెను. వేసవికి కాలువలు కట్టివేయకమునుపే బయలుదేరి రమ్ము, ఇద్దరికిని నీ రాకను గూర్చి చెప్పియుంచెదను. వారు చెప్పినది వారు పలికినట్లే వ్రాసికొనుము. దానిని నా గ్రాంథికములోనికి మార్చకుము.

ఇట్లు
ఆశీస్సులతో
మీ తాతయ్య