యోగాసనములకు మన నేతగుడ్డ

2015 మొదలు ఏటేట జూన్ 21వ తేదీన అంతర్జాతీయ యోగ దినము జరుగుచున్నది. ఆసనములు వేయువారు బనీను గుడ్డనే కోరుచున్నారు. మగ్గపు గుడ్డ సాగదనియు, పైజామా పిరుదులవద్ద చినుగుననియు వారి ఫిర్యాదు. అబద్ధము కాదు. మేము కుట్టించిన మొదటి పైజామాలు అచ్చటనే చినిగినవి.

బనీను గుడ్డలో దారము ఉచ్చులుగా నుండును. లాగినచో ఉచ్చు విచ్చుకొనును. మన గుడ్డలో పడుగు, పేక బిగిసియుండును. కనుక వీలు కత్తిరింపులో కల్పింపవలెను. రెండు కాళ్ళ నడుమ చదరపు ముక్క నొకదానిని మూలవాటుగా అతికించినచో కాళ్ళు చాచుటకు చోటు దొరకును. మూలవాటుగా లాగిన నేతగుడ్డయు కొంత సాగును గదా! పంచెను గోచిపోసి కట్టి సాముచేసిన మన పెద్దలకు ఈ చిక్కే లేదు.

కత్తిరించుటకు ముందు గుడ్డను నానబెట్టి, గంజి పోవునట్లు ఉతికి ఆరవేయవలెను. గంజియున్న గుడ్డ చెమటను సరిగా పీల్చదు. ఉతకక కుట్టినది తరువాత కుంచించుకొనును. ఇది దర్జీకి వదలరాదు, అమ్మకమునకు ముందు మనమే చేయవలెను.

బొందు ముడి ముందుండిన భుజంగాసనములో పొట్టకు ఒత్తుకొనును, ప్రక్కకు పెట్టింపవలెను. సర్వాంగాసనములో వదులు కాళ్ళు తొడలవరకు జారును గావున చీలమండలవద్ద పట్టీ వలయును. వదులు చొక్కా మరియు చిక్కు, ముఖముమీదనే పడును.

మైసూరు పద్ధతి నభ్యసించువారిలో పలువురు చెమట పీల్చుటకై రబ్బరు చాపపై చేనేత నూలు జంపఖానా పరచుకొందురు. ఒట్టి నున్నని నేలపై అది జారును. నేయువారు కుచ్చులను పొట్టిగా కత్తిరింపవలెను, కాలివ్రేళ్ళు వానిలో చిక్కుకొనును.