లాలన వేరు, ఉపేక్ష వేరు



ఆలయ మంటపంలో పురాణ శ్రవణం ముగిసిన తరువాత పెద్దలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "శాస్త్రిగారూ, ఈ కాలపు తల్లిదండ్రులు పసిపిల్లలను కొట్టరు, కసరరు. అనునయంగానే చెబుతామంటారు. పిల్లలు చెడిపోరా?" అని. ఈ విషయమై అత్తాకోడళ్ల నడుమ మాట పట్టింపులు వచ్చిన ఇళ్లను కూడా నేనెరుగుదును. కనుక శాస్త్రపద్ధతిలో ముందు ఆక్షేపాన్ని, ఆ పిమ్మట సమాధానాన్ని విచారిద్దాం.

ఆక్షేపం

ఆక్షేపించేవారికి ప్రమాణాలు లేకపోలేదు. గారాబం దోషాలను, దండన గుణాలను పెంచుతాయనే భావం గల శ్లోకం పతంజలి మహాభాష్యంలోనే ఉన్నది. చాణక్యుని పేర ప్రసిద్ధమైన నీతిశ్లోకం సైతం బాల్యంలో తాడనాన్ని విధించింది. పైగా, అడిగినదల్లా ఇచ్చి, ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోను చేతికిచ్చి, దానినే సౌమ్యమైన పెంపకమని చెప్పుకొనేవారు నేడు కనబడుతూనే ఉన్నారు.

సమాధానం

చాణక్యశ్లోకాన్ని పూర్తిగా గమనించండి. మొదటి ఐదేండ్లు లాలించాలన్నది అందులోని మొదటి విధి. తాడనం ఆ తరువాతి పదేండ్ల మాట. పదహారవ ఏట మిత్రునిగా చూడాలన్నది చివరి మాట. అనగా, మూడేండ్ల పాపపై చేయి ఎత్తడానికి ఆ శ్లోకం ఆధారం కాజాలదు. మహాభాష్యంలోని మాటా గురుశిష్యులకు సంబంధించినదే. ఉపనయనానికి గర్భాష్టమం ముఖ్యకాలమని మనకు తెలుసు. అక్కడ కూడా హద్దు ఉన్నది. శిష్యుని కొట్టకుండానే శాసించాలని గౌతమ ధర్మసూత్రం మొదట చెప్పింది. అది సాధ్యం కానప్పుడు మాత్రమే సన్నని త్రాటినో, వెదురుబద్దనో అనుమతించింది. అన్యంగా కొట్టిన గురువును రాజు దండించాలన్నది. నేడు విద్యాహక్కు చట్టం (2009) బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును పూర్తిగా నిషేధించింది.

ఇక ఆక్షేపంలోని చివరి మాట నిజమే. అయితే అది లాలనకు దోషం కాదు, ఉపేక్షకు దోషం. లాలనలో హద్దు ఉంటుంది. ఉపేక్షలో ఉండదు. ఈ భేదం తెలియాలంటే భాగవత దశమస్కంధంలోని దామోదరలీలను స్మరించాలి.

పాలు పొంగుతున్నవని యశోదమ్మ ఒడిలోని బిడ్డను దింపి వెళ్లింది. కడుపు నిండని బాలకృష్ణునికి కోపం వచ్చింది. పెరుగుకుండ పగిలింది. తల్లి కర్ర పట్టుకొని వెంబడించి పట్టుకొన్నది, మందలించింది. కాని బిడ్డ కన్నులలో భయం కనబడగానే కర్రను పారవేసింది. అంతటితో విడిచిపెట్టలేదు. త్రాడు తెచ్చి రోటికి కట్టబూనింది. కర్రను వదలడం లాలన. త్రాడును వదలకపోవడం శిక్షణ. రెండూ ఒకే తల్లి చేసినవే.

ఆచరణ

యాత్రికులకు ఇది నిత్యానుభవం. క్యూలైనులో గంటల తరబడి నిలిచిన పసివాడు మారాం చేస్తే, ముందు వాని ఆకలిని, దాహాన్ని, నిద్రను విచారించండి. చేతిలోనిది విసిరితే, చేయి మెల్లగా పట్టుకొని, వాని ఎత్తుకు వంగి, "విసరకూడదు" అని ఒక్క మాట స్థిరంగా చెప్పండి. ఒకసారి కూడదన్నదానిని ఏడ్చినంత మాత్రాన ఇవ్వకండి. ఏడుపు ఆగేవరకు దగ్గర ఉండండి.

ఒక్కటి మాత్రం చేతులు జోడించి కోరుతున్నాను. "అల్లరి చేస్తే దేవుడు కళ్లు పోగొడతాడు" అని బెదిరించకండి. స్వామిని చూడడానికి తెచ్చిన బిడ్డకు స్వామి అంటేనే భయం కలిగితే, ఆ యాత్ర వలన ఫలమేమి?

"ఇంత ఓపిక ఎక్కడిది?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. యశోదకూ త్రాడు ప్రతిసారీ రెండంగుళాలు తక్కువైంది. ఆమె అలసి చెమటోడ్చిన పిదపనే స్వామి కట్టుబడినాడు. ఆ రెండంగుళాలలో ఒకటి భక్తుని ప్రయత్నమని, మరొకటి భగవత్కృప అని వ్యాఖ్యాతలు చెబుతారు. పెంపకంలో ఒకటి మన ప్రయత్నం, రెండవది బిడ్డ బుద్ధి వికసించడానికి పట్టే కాలం. ఆ ప్రయత్నభారాన్ని తల్లి ఒక్కతెపైనే మోపక, తండ్రి, తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ పంచుకోవాలి. కోడలిని ఆక్షేపించే ముందు మనుమణ్ణి ఒక గడియ ఎత్తుకొంటే, ఆ ఇంట శాంతి నిలుస్తుంది.

ఆ దామోదరుడు మీ ఇంటి పసిపాపలను చల్లగా కాపాడుగాక!

స్వస్తి.