ముందు అతిథి, తరువాతే సేవకుడు



అమెరికా, కెనడా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల విద్యార్థులు సెలవులలో పరాయి దేశపు పల్లెలకు వెళ్ళి సేవ చేయటం చాలా కాలంగా వాడుకలో ఉంది. కొందరు రెండు వారాలు ఉంటారు, కొందరు రెండు మూడు నెలలు ఉంటారు. ఆసుపత్రిలో సహాయపడతారు, బడిలో పాఠం చెబుతారు, మంచినీటి పథకానికో, సౌరవిద్యుత్తుకో, మొక్కల పెంపకానికో చెయ్యి వేస్తారు. మన తెలుగు పిల్లలూ ఆ విశ్వవిద్యాలయాలలో చదువుతున్నారు గనుక ఆ పిలుపు మన ఇళ్ళకూ వచ్చింది. "మా అమ్మాయి సెలవులకు ఇంటికి రాదట, ఆఫ్రికా వెళ్ళి సేవ చేస్తుందట. ఒప్పుకోమంటారా ఫాదర్ గారూ?" అని అడిగే తల్లిదండ్రులకు అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేము.

ఈ విషయంలో మనకొక ప్రత్యేకత ఉంది. మనం చాలా కాలం సేవను అందుకున్న వాళ్ళం. 1846లో అన్నెసీ పట్టణం నుండి పునీత ఫ్రాన్సిస్ దె సాల్స్ సభ గురువులు విశాఖపట్నం ప్రాంతానికి వచ్చారు. 1855లో మిలాను మిషనరీలు హైదరాబాదు, కృష్ణా ప్రాంతాలకు వచ్చారు. ఆ తరువాత ఎందరో కన్యస్త్రీలు బడులు, ఆసుపత్రులు నడిపారు. నిన్న పరదేశులు మన గడప తొక్కారు, నేడు మన పిల్లలు పరదేశుల గడప తొక్కుతున్నారు. పుచ్చుకోవటం ఎలా ఉంటుందో తెలిసిన వాళ్ళం కాబట్టి, ఇవ్వటం ఎలాగో మన పిల్లలకు మనమే నేర్పాలి.

ప్రభువు పెట్టిన వరుస

లూకా సువార్త పదవ అధ్యాయం తెరవండి. ప్రభువు డెబ్బది ఇద్దరు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపుతున్నారు. సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు అంటారు. ఒక ఇంట అడుగుపెట్టగానే ఆ ఇంటికి శాంతి పలకమంటారు. ఇల్లిల్లూ మారక ఆ ఇంటనే ఉండమంటారు. వడ్డించినది తినమంటారు. రోగులను స్వస్థపరచమనే మాట దాని తరువాతనే వస్తుంది.

ఈ వరుసను మనం గమనించకుండా చదివేస్తాము. స్వస్థపరచే శక్తిని ప్రభువే వారికిచ్చారు. అయినా చేతిలో శక్తి ఉన్నది గదా అని ఊళ్ళోకి దూసుకుపొమ్మనలేదు. ముందు ఆ ఇంటి ముంగిట ఖాళీ చేతులతో నిలబడాలి. వారు పిలిస్తే లోపలికి పోవాలి. వారి గంజి తాగి, వారి చాప మీద కూర్చోవాలి. అంటే ఇచ్చేవాడు కాకముందు పుచ్చుకునేవాడు కావాలి. ఇదే ఈ వారం పాఠం: ముందు అతిథి, తరువాతే సేవకుడు.

పిలిస్తే వెళ్ళినవారు

ఈ వరుస పాటించిన విద్యార్థుల ఉదాహరణ ఒకటి చెబుతాను. మధ్య అమెరికాలో బెలీజ్ అనే చిన్న దేశం ఉంది. దాని దక్షిణ భాగాన శాన్ పాబ్లో అనే మాయా తెగవారి పల్లె. అక్కడ పెద్దలు అరటి తోటలలో కూలికి పోయేవారు. నీళ్ళు మోయవలసిన పని పిల్లల మీద పడేది, అందువల్ల వారికి బడి లేకపోయింది. 2000 సంవత్సరంలో బెలీజ్ వ్యవసాయ శాఖకు చెందిన ఒకరు ఆహ్వానించగా, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు ఆచార్యులైన బెర్నార్డ్ అమాదీ గారు ఆ ఊరు వెళ్ళి చూశారు. 2001 మే నెలలో ఎనిమిది మంది విద్యార్థులతో మళ్ళీ వెళ్ళారు. దగ్గరలో ఉన్న జలపాతపు బలంతోనే నీటిని ఊరికి ఎక్కించే ఏర్పాటు ఊరివారితో కలిసి చేశారు. ఆ పని నుండే 2002లో అమెరికాలో సరిహద్దులు లేని ఇంజినీర్ల సంఘం ఏర్పడింది.

ఇందులో మూడు మేళ్ళు ఒక్కటిగా ముడిపడి ఉన్నాయి. శుభ్రమైన నీరు ఆరోగ్యం. నీళ్ళ బిందె దిగిన పిల్లకు చదువు. డీజిలు కొనకుండా, కరెంటు బిల్లు లేకుండా జలపాతంతో నడవటం ఆ ఊరి చేతిలో నిలిచే పద్ధతి. కాని ఈ మూటిని ముడివేసినది ఇంజినీరింగు ఒక్కటే కాదు. మొదట ఆ దేశస్థుడొకరు పిలిచారు, తరువాత ఆచార్యులు వచ్చి చూశారు, విద్యార్థులు చివరన వచ్చారు.

పిలవని పేరంటం

ఇప్పుడు మరో వైపు చూద్దాం. 1960లలో అమెరికా, కెనడాల నుండి కతోలిక విద్యార్థులు బృందాలుగా ఏటా వేసవిలో మెక్సికో పల్లెలకు సేవకు వెళ్ళేవారు. 1968 ఏప్రిల్‌లో ఆ విద్యార్థుల సమావేశంలో మాట్లాడటానికి ఇవాన్ ఇల్లిచ్ గారిని పిలిచారు. ఆయన వియన్నాలో పుట్టిన కతోలిక గురువు. మెక్సికోలోని క్వెర్నవాకాలో ఒక కేంద్రం నడుపుతూ, లాటిన్ అమెరికాకు వచ్చే మిషనరీలకు స్పానిషు భాష నేర్పించేవారు. విద్యార్థులు పొగడ్త ఆశించి ఉంటారు. ఆయన మాత్రం కఠినంగా మందలించారు. చూడటానికి, నేర్చుకోవటానికి వస్తే సంతోషమే గాని, ఉద్ధరించటానికి మాత్రం రావద్దన్నది ఆయన ప్రసంగ సారం.

ఆయన వాదనలో ఒక మాట మనం మరువకూడదు. మీ ఊరి పేదవాడి దగ్గరకు పోతే, నీ సాయం నాకు అక్కరలేదు పొమ్మని అతడు మీ భాషలో చెప్పగలడు, అది మీకు అర్థమవుతుంది. భాష రాని ఊరిలో మీకు ఎదురయ్యేది చిరునవ్వు ఒక్కటే. వద్దన్న మాట వినలేని చోట చేసే సాయం పిలవని పేరంటం వంటిది.

ఇల్లిచ్ గారి మాటను చివరి మాటగా నేను తీసుకోను. శాన్ పాబ్లో బిడ్డలకు నీరు నిజంగానే అందింది. అయితే ఆయన మందలింపు విననివారు అక్కడికి వెళ్ళటానికి సిద్ధపడినట్లు కాదు.

సదుద్దేశం చాలునా?

"మా వాడి మనసు మంచిది, ఇంకేం కావాలి?" అని ఎవరైనా అడగవచ్చు. పునీత తోమాస్ అక్వినాసు గారు ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానం చెప్పారు, శ్రీసభ సత్యోపదేశం కూడా అదే బోధిస్తుంది. ఒక కార్యం మంచిది కావాలంటే మూడూ మంచివి కావాలి: చేసే పని, చేసే ఉద్దేశం, చేసే పరిస్థితులు. ఒక్క ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పని మంచిదైపోదు. పాలకుండలో ఒక్క ఉప్పురాయి పడినా పాలు విరుగుతాయి గదా!

దీన్ని మన విషయానికి అన్వయిద్దాం. వైద్యవిద్యలో చేరాలని కోరే విద్యార్థి పేద దేశానికి పోయి సూది వేయటం, కుట్లు వేయటం చేస్తే ఉద్దేశం మంచిదే కావచ్చు. తన దేశంలో చేయనివ్వని పనిని పేదవాడి ఒంటి మీద చేయటం మాత్రం అన్యాయం. అమెరికా వైద్య కళాశాలల సంఘమే 2011లో విద్యార్థులకు ఈ విషయమై మార్గదర్శకాలు ఇవ్వవలసి వచ్చింది.

ఇంతకంటే బాధాకరమైనది కాంబోడియా అనుభవం. అక్కడి అనాథ శరణాలయాల సంఖ్య 2005 తరువాత అయిదేళ్ళలో 75 శాతం పెరిగిందని 2011లో యూనిసెఫ్ తెలిపింది. ఆ పిల్లలలో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బ్రతికే ఉన్నారు. విదేశాల నుండి వచ్చే సందర్శకులు, సేవకులు, వారి చందాలు ఆ పెరుగుదలకు ఒక కారణం. బిడ్డను ప్రేమించాలని వచ్చినవారి రాకే, కొందరు బిడ్డలను కన్నవారి ఒడి నుండి దూరం చేసింది. వారం వారం కొత్త అక్క, కొత్త అన్న వచ్చి, ముద్దుచేసి, కన్నీళ్ళు పెట్టుకుని విమానం ఎక్కిపోతే ఆ పసి మనసు ఏమవుతుందో ఆలోచించండి.

ఉండిపోయినవారి వెనుక నిలవటం

మరి విద్యార్థి ఏం చేయాలి? చదువు మాని ఏళ్ళ తరబడి ఉండిపోలేడు గదా! నిజమే. దీనికి మన అనంతపురంలోనే జవాబు ఉంది. స్పెయిన్ దేశస్థులైన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఆ కరువు సీమకు వచ్చి, 2009లో కన్నుమూసే వరకు 40 ఏళ్ళు అక్కడే ఉన్నారు. స్పెయిన్ నుండి సేవకు వచ్చినవారు ఆ పనిలో తమకు చూపించిన చోట నిలబడి చెయ్యి కలిపారు. కొద్దికాలం ఉండేవారు ఎక్కువకాలం ఉన్నవారి వెనుక నిలవాలి, వారు చెప్పినది చేయాలి. రెండు వారాల మనిషి రెండు వారాల పనే చేయాలి గాని, ఇరవై ఏళ్ళ పనికి పునాదిరాయి వేసి పోరాదు.

పోప్ ఆరవ పౌలు గారు 1967లో వెలువరించిన 'పోపులోరుం ప్రోగ్రెస్సియో' విశ్వలేఖలో ఇతర దేశాలకు సేవకు వెళ్ళే యువకులను మెచ్చుకుంటూనే, నైపుణ్యంతో పాటు ప్రేమ ఉండాలని, తమ నాగరికతే గొప్పదనుకోవద్దని హెచ్చరించారు. పోప్ ఫ్రాన్సిస్ గారు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో, ఒక ప్రాంతపు పర్యావరణాన్ని గూర్చి చర్చించేటప్పుడు అక్కడ నివసించేవారికి ప్రత్యేక స్థానం ఉండాలన్నారు. ఇద్దరు జగద్గురువులూ ప్రభువు పెట్టిన వరుసనే మనకు గుర్తు చేస్తున్నారు.

తల్లిదండ్రులు అడగవలసినవి

మీ బిడ్డ ఫోనులో ఈ కబురు చెప్పినప్పుడు వెంటనే కాదనకండి. పదిమందికి చెప్పుకోవచ్చునని వెంటనే మురిసిపోనూ వద్దు. శాంతంగా ఈ నాలుగు అడగండి.

ఒకటి: నిన్ను పిలిచినది ఎవరు? ఆ ఊరివారా, లేక యాత్రలు అమ్ముకునే కంపెనీయా?

రెండు: అక్కడ నువ్వు చేయబోయే పని ఇక్కడ చేయటానికి నీకు అర్హత ఉందా?

మూడు: నువ్వు తిరిగి వచ్చాక ఆ పని ఎవరు చూస్తారు? పంపు చెడితే బాగుచేసేది ఎవరు?

నాలుగు: నీ విమానం ఖర్చుతో అక్కడి ఉపాధ్యాయునికి ఎన్ని నెలల జీతం ఇవ్వవచ్చు? అయినా నువ్వే వెళ్ళటం ఎందుకు అవసరం?

ఈ ప్రశ్నలకు తిన్నగా జవాబు చెప్పగలిగితే ఆశీర్వదించి పంపండి. వెళ్ళేలోగా ఆ భాషలో కొన్ని మాటలైనా నేర్చుకొమ్మనండి. జవాబు చెప్పలేకపోతే నేర్చుకోవటానికే వెళ్ళమనండి. అది కూడా గౌరవమైన ప్రయాణమే.

మన వంతు

చివరిగా ఒక మాట మన విచారణల గురించి. విదేశీ విద్యార్థులు మన బడులకు, హాస్టళ్ళకు వచ్చినప్పుడు పిల్లలను గంటల తరబడి ఎండలో నిలబెట్టి, దండలు వేయించి, పాటకు ఆడిస్తున్నాము. చందా వస్తుందని పేదరికాన్ని కాస్త ఎక్కువ చేసి చూపిస్తున్నాము. ఇది మర్యాద కాదు, ఆ పిల్లల మర్యాదను అమ్ముకోవటం. మనకు ఏది కావాలో, ఏది వద్దో వచ్చినవారికి నిజం చెప్పటమే నిజమైన ఆతిథ్యం. వారిని కింద కూర్చోబెట్టి మన పిల్లలతో పాటు పప్పన్నం పెట్టండి, పిల్లల చేత నాలుగు తెలుగు మాటలు నేర్పించండి. ఆ ఒక్క గంట మన పిల్లలు గురువులవుతారు.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోండి

1. లూకా 10:1–9 కలిసి చదవండి. ఎవరి ఇంటనైనా మనం పుచ్చుకునేవారిగా ఉన్న సందర్భం ఏది? అప్పుడు మనకు ఏమనిపించింది?

2. మన వీధిలోనే ఉన్న పేద కుటుంబానికి మనం చేసే సాయం వారు అడిగినదేనా?

3. దూరదేశం వెళ్ళి సేవ చేయాలనుకునే యువతీ యువకులు ముందుగా మన విచారణలో ఏ పనితో అలవాటు చేసుకోవచ్చు?

మన బిడ్డలను పంపే ప్రభువు, వారికంటే ముందుగా వారికి తలుపు తీసే ఇంటివారి హృదయాలలో నివసించును గాక. ఆమెన్.