తాబేటి పిల్లలు – తీరపు దీపములు

ఆంధ్రతీరమునకు ఏటేట జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు వచ్చును. ఆడుతాబేలు రాత్రివేళ ఇసుకలో గోయి త్రవ్వి, సుమారు 100 గ్రుడ్లు పెట్టి, పూడ్చి, మరల కడలి చేరును. 45 మొదలు 60 దినములకు పిల్లలు వెలువడును.

రాత్రియందు సముద్రము నేలకంటె కాంతిమంతముగ నుండును. ఆ కాంతియే పిల్లలకు దారి చూపును. తీరమున విద్యుద్దీపములు వెలుగుచున్నచో, అవి అటే ప్రాకి, కుక్కలకును కాకులకును ఆహారమగును.

వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ననుసరించి వీనిని చంపుట నేరము. విశాఖపట్టణ తీరమున గ్రుడ్లను సేకరించి, కంచె లోపల కాపాడి, పిల్లలను కడలిలో విడుచుచున్నారు. అయినను కంటబడని గూళ్లు కొన్ని యుండును. కావున తీరవాసులగు బాలబాలికలు ఆ రాత్రులందు సముద్రమువైపు దీపముల నార్పవలెను. పుట్టిన పిల్లలలో పెరిగి పెద్దవగునవి మిక్కిలి కొద్ది. వానిలో నొకటి ఈ చిన్న పనివలన బ్రతుకవచ్చును.